17 శాతంలో బేసిక్‌కు చేరింది ఎంత? బ్యాంకు ఉద్యోగుల 12వ ద్వైపాక్షిక ఒప్పందంపై సమీక్ష

ప్రభుత్వరంగ బ్యాంకుల్లో పనిచేసే మాబోటివాళ్ళం నెలనెలా యూనియన్‌కు చందా కడతాం. వేతన ఒప్పందం కుదిరి ఎరియర్స్ చేతికి వచ్చినప్పుడు అందులోంచి లెవీ పేరుతో మరికొంత ఇస్తాం. ప్రతిఫలంగా యూనియన్లు మా తరఫున యాజమాన్యాలతో కూర్చుని బేరమాడి, అయిదేళ్ళకొకసారి ఒక ఒప్పందాన్ని తెచ్చి మా ముందు పెడతాయి. డబ్బు చెల్లించి పొందే ఏ సేవనైనా వినియోగదారుడు తూకం వేసి చూసుకున్నట్టే దీన్నీ చూసుకోవచ్చునన్న ఉద్దేశంతో, 2024 మార్చి 8న యాజమాన్యాల తరఫున ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్, తొమ్మిది ఉద్యోగ సంఘాల ఐక్యవేదిక అయిన యూఎఫ్‌బీయూ కలిసి సంతకాలు చేసిన 12వ ద్వైపాక్షిక ఒప్పందాన్ని ఇక్కడ సమీక్షిస్తున్నాను. నేను అవార్డ్ స్టాఫ్‌లో, అంటే క్లర్కులు, సబార్డినేట్ సిబ్బంది ఉన్న వర్గంలో ఉద్యోగిని కాబట్టి నా లెక్కలు ప్రధానంగా ఆ వర్గానివే. అధికారులకు ఇదే రోజున విడిగా కుదిరిన జాయింట్ నోట్‌ను అవసరమైన చోట మాత్రమే ప్రస్తావిస్తాను.

ఒప్పందం కాలపరిమితి 2022 నవంబరు 1 నుంచి 2027 అక్టోబరు 31 వరకు. పత్రికలన్నీ రాసిన ముఖ్యాంశం 17 శాతం పెంపు. దీనివల్ల ప్రభుత్వరంగ బ్యాంకులపై ఏటా సుమారు 8,284 కోట్ల రూపాయల అదనపు భారం పడుతుందని, దాదాపు 8 లక్షల మంది ఉద్యోగులకు ప్రయోజనం కలుగుతుందని సంతకాల నాడు ప్రకటించారు. దీనికి ముందు 2020 నవంబరు 11న కుదిరిన 11వ ఒప్పందం, 2015 మే 25న కుదిరిన 10వ ఒప్పందం రెండూ 15 శాతానివే కావడంతో, ఈసారి రెండు శాతం ఎక్కువ తెచ్చామని యూనియన్ నాయకులు సభల్లో గర్వంగానే చెప్పుకున్నారు. వారి మాట తప్పు కాదు. అయితే ఈ 17 శాతం పరిశ్రమ మొత్తం వేతన వ్యయం మీద కట్టిన లెక్కే తప్ప ఏ ఒక్క ఉద్యోగి జీతం మీదా కట్టింది కాదు. ఆ మొత్తాన్ని ఏయే పద్దుల్లో ఎంతెంత పోశారన్నదే ఒప్పందం నాణ్యతను నిర్ణయిస్తుంది. సమీక్షకుడు చూడవలసింది కూడా అదే.

కొత్తగా చేరిన క్లర్కునే తీసుకుందాం. 11వ ఒప్పందంలో ఆ ఉద్యోగి ప్రారంభ బేసిక్, అంటే మూల వేతనం, 17,900 రూపాయలు. 12వ ఒప్పందంలో 24,050 రూపాయలు. చూడగానే 34 శాతం పెరిగినట్టు కనిపించే ఈ అంకెలను చూసే బంధువర్గంలో చాలామంది బ్యాంకు ఉద్యోగులకు ఏదో నిధి దొరికిందనుకుంటారు. నిజానికి ధరల సూచీ 6,352 పాయింట్ల దగ్గర ఉన్నప్పటి డీఏను, అంటే కరువు భత్యాన్ని, కలుపుకుని పాత స్కేలు తయారైతే, కొత్త స్కేలు 8,088 పాయింట్ల దాకా వచ్చిన డీఏను కలుపుకుంది. ఈ మధ్యలో ఉన్న 1,736 పాయింట్లకు నాలుగు పాయింట్లకో శ్లాబు చొప్పున 434 శ్లాబులు, శ్లాబుకు 0.07 శాతం చొప్పున 30.38 శాతం డీఏ అప్పటికే మా జీతంలో వస్తోంది. దాన్ని బేసిక్‌లో కలిపితే 17,900 రూపాయలు 23,338 అవుతుంది. అంటే పాత జీతాన్నే కొత్త కవరులో పెట్టి ఇచ్చినా అంత రావలసిందే. దానిపై కలిపిన అసలు లోడింగ్, అంటే నికరమైన పెంపు, 3 శాతం మాత్రమే. ఆ తరువాత అంకెను కాస్త సవరించి 24,050 చేశారు. కాబట్టి కొత్త క్లర్కు బేసిక్‌లో నిజంగా పెరిగింది నెలకు 712 రూపాయలు.

మిగిలిన పెంపు ఎక్కడికి పోయింది? స్పెషల్ అలవెన్స్‌లోకి. 10వ ఒప్పందంలో 7.75 శాతంతో మొదలైన ఈ పద్దు 11వ ఒప్పందంలో 16.4 శాతానికి, ఇప్పుడు 26.5 శాతానికి చేరింది. అదే 8,088 పాయింట్ల దగ్గర నిలబడి లెక్కిస్తే, పాత ఒప్పందంలో కొత్త క్లర్కుకు స్పెషల్ అలవెన్స్, దాని మీది డీఏ కలిపి 3,827 రూపాయలు వచ్చేది. ఇప్పుడు 6,373 రూపాయలు వస్తోంది. ఇక్కడ పెరిగింది 2,546 రూపాయలు. ఇంటి అద్దె భత్యం 10.25 శాతంగానే ఉన్నా, డీఏ కలిసిన కొత్త బేసిక్ మీద లెక్కించడం వల్ల 1,835 నుంచి 2,465కు, అంటే 630 రూపాయలు పెరిగింది. రవాణా భత్యం వంటి చిన్న పద్దులను పక్కన పెడితే మొత్తం పెంపు 3,888 రూపాయలు, సుమారు 13.4 శాతం. అందులో మూడింట రెండు వంతులు ఒక్క స్పెషల్ అలవెన్స్‌దే. బేసిక్ వాటా అయిదో వంతుకు కూడా రాలేదు.

పే స్లిప్ మీద రూపాయి ఏ వరుసలో పడితేనేం, చేతికి వస్తే చాలదా అని ఉద్యోగంలో కొత్తగా చేరినవారు అడుగుతుంటారు. చాలదు. ఎందుకంటే స్పెషల్ అలవెన్స్ పదవీ విరమణ ప్రయోజనాలకు లెక్కలోకి రాదని ఒప్పందంలోనే స్పష్టంగా రాసి ఉంది. బ్యాంకు పెన్షన్ నిబంధనల ప్రకారం 33 ఏళ్ళ సర్వీసు పూర్తిచేసిన వారికి చివరి పది నెలల సగటు వేతనంలో సగం మూల పెన్షన్‌గా వస్తుంది. మా శాఖలో ఈ మధ్య రిటైరైన ఒక సీనియర్ తన చివరి జీతం స్లిప్పును, మొదటి పెన్షన్ స్లిప్పును బల్ల మీద పక్కపక్కన పరిచి చూపించారు. క్లర్కు స్కేలు చివరి మెట్టు అయిన 64,480 రూపాయల బేసిక్ కింద, జీతం స్లిప్పులో 17,087 రూపాయల స్పెషల్ అలవెన్స్ వరుస ఉంది. పెన్షన్ స్లిప్పులో ఆ వరుసే లేదు. ఆయనకున్న ఇతర ప్రత్యేక వేతనాలను పక్కన పెట్టి చెబితే మూల పెన్షన్ 32,240 రూపాయలు. స్పెషల్ అలవెన్స్‌ను కూడా వేతనంగా పరిగణించి ఉంటే అదనంగా 8,543 రూపాయలు, దాని మీద డీఏ, కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత భాగాన్ని ముందే ఏకమొత్తంగా తీసుకోవడం) చేసుకుంటే అందులో పెరుగుదల, ఇవన్నీ వచ్చేవి. "మూడు ఒప్పందాలకూ లెవీ కట్టాను, మూడుసార్లూ సంతోషంగానే కట్టాను, ఈ వరుసను మాత్రం ఎవరూ నాకు విడమరచి చెప్పలేదు" అన్నారాయన. అందులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా వినిపించింది నాకు.

2010 ఏప్రిల్ 1 తరువాత చేరినవారికి పాత పెన్షన్ లేదు, ఎన్‌పీఎస్ (జాతీయ పెన్షన్ పథకం) మాత్రమే ఉంది కాబట్టి ఈ గొడవతో తమకు సంబంధం లేదనుకోవడం కూడా పొరపాటే. వారికి యాజమాన్యం జమచేసే 14 శాతం వాటా బేసిక్, డీఏల మీదే లెక్కిస్తారు. కొత్త క్లర్కు విషయంలో స్పెషల్ అలవెన్స్ మీద ఆ 14 శాతం అంటే నెలకు 892 రూపాయలు. ముప్ఫై ఏళ్ళకు పైబడిన సర్వీసులో వడ్డీతో కలిసి అది ఎంతవుతుందో ఎవరికి వారు ఊహించుకోవచ్చు. ఈ వాటాను 10 నుంచి 14 శాతానికి పెంచింది 11వ ఒప్పందమే. అప్పుడు ఒక చేత్తో ఇచ్చిందాన్ని ఇప్పుడు పద్దుల అమరికతో కొంత వెనక్కి తీసుకున్నట్టయింది.

యాజమాన్యాల వాదన కూడా చెప్పుకోవాలి. బేసిక్‌లో పెరిగే ప్రతి రూపాయికీ పెన్షన్, గ్రాట్యుటీల కోసం బ్యాంకు తన లాభాల్లోంచి కేటాయింపు చెయ్యాలి. మొత్తం ఖర్చు 17 శాతం దాటకూడదన్నప్పుడు, పెంపునంతా బేసిక్‌లో పోస్తే ఆ కేటాయింపులే పెద్ద వాటా మింగి, నెలనెలా చేతికొచ్చే పెంపు బాగా తగ్గిపోతుంది. ఇందులో నిజముంది. యువ ఉద్యోగులు ఎక్కువగా ఉన్న సంఘాలు చేతికొచ్చే జీతం వైపు మొగ్గడానికీ ఇదే కారణం. నా అభ్యంతరం ఆ ఎంపిక మీద కాదు, ఆ ఎంపిక జరిగిందన్న సంగతిని 17 శాతమనే పెద్ద అంకె వెనక దాచి ఉంచడం మీద. సంతకాలు అయిన సాయంత్రం మా వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిన సందేశాల్లో కొత్త స్కేళ్ళ పట్టికలు ఉన్నాయి, జై కొట్టిన బొమ్మలు ఉన్నాయి; పెన్షన్ మీద ప్రభావం గురించి ఒక్క వాక్యం లేదు.

ఇక ఈ ఒప్పందంలో అన్నిటికంటే మంచి పనితనం డీఏ క్లాజులో ఉంది. విచిత్రంగా దీని గురించి చప్పట్లు తక్కువ వినిపించాయి. 1960 ఆధారంగా ఉన్న పాత సూచీని విడిచి 2016 ఆధారంగా ఉన్న వినియోగదారుల ధరల సూచీకి మారి, 8,088 పాయింట్లకు సమానమైన 123.03ను మూలంగా పెట్టుకున్నారు. ఆపైన సూచీ 0.01 పాయింటు పెరిగితే 0.01 శాతం డీఏ. నాలుగు పాయింట్ల శ్లాబు పూర్తయ్యేదాకా ఆగడం ఇక లేదు. 2024 జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల సూచీలు వరుసగా 138.9, 139.2, 138.9. సగటు 139, అందులోంచి 123.03 తీసేస్తే 15.97. ఆ ఏడాది మే, జూన్, జూలై నెలలకు మాకు వచ్చిన డీఏ 15.97 శాతమే. కూడికా తీసివేతా వచ్చిన ఎవరైనా కాగితం మీద సరిచూసుకోగల లెక్క ఇది.

ఇంకాస్త లోతుకు వెళ్తే మరో సంగతి తెలుస్తుంది. 123.03 నుంచి 139కి సూచీ పెరగడమంటే ధరలు 12.98 శాతం పెరగడం. డీఏ మాత్రం 15.97 శాతం వచ్చింది. పాయింటుకు ఒక శాతం అన్న సూత్రంలో ఉన్న బలం అది. పాత సూత్రం కూడా ధరల పెరుగుదల కంటే కొంచెం ఎక్కువే ఇచ్చేది కానీ, ఇంత కాదు. ఇంటి అద్దె భత్యం వంటివాటి మీద డీఏ ఉండదు కనుక ఈ మిగులు కొంతవరకు ఆ లోటును పూడుస్తుందే తప్ప జీతాన్ని ధరల కంటే ముందుకు ఉరికించదు. అయినా పెన్షన్ మీద ఈ సూత్రమే వర్తించే కొత్త రిటైరీలకు ఇది ఒప్పందం కాలం పొడుగునా పనిచేసే లాభం. ఈ క్లాజును కూర్చినవారెవరో గాని లెక్కలు బాగా తెలిసినవారు.

దీని విలువ తెలియాలంటే మన రెండు రాష్ట్రాల్లోని ఉపాధ్యాయుల, ఉద్యోగుల ఇళ్ళలో మాట్లాడి చూడాలి. అక్కడ వేతన సవరణ సంఘం సిఫారసు చేస్తుంది, ప్రభుత్వం జీవో ఇస్తుంది. ఉద్యోగ సంఘాలతో చర్చలు జరుగుతాయిగాని ఇరుపక్షాలూ సంతకం చేసి కట్టుబడే ఒప్పందం ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 జూలై నుంచి 27 శాతం మధ్యంతర భృతి ఇచ్చి, 2022 జనవరిలో 23 శాతం ఫిట్‌మెంట్ (మూల వేతనంపై పెంపు) ప్రకటించినప్పుడు, భృతి కంటే ఫిట్‌మెంట్ తక్కువేమిటని ఉద్యోగులు ఆ ఫిబ్రవరి 3న విజయవాడ వీధులను నింపేశారు. తెలంగాణలో 2021లో 30 శాతం ఫిట్‌మెంట్ వచ్చింది. శాతాల్లో చూస్తే అవి మా కంటే పెద్ద అంకెలే. కానీ అక్కడ ఒక్కో డీఏ విడత కోసం జీవో ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడాలి, వచ్చాక పాత నెలల బకాయి ఎప్పుడు జమవుతుందా అని మళ్ళీ ఎదురుచూడాలి. మాకు మూడు నెలలకొకసారి, ఎవరి దయాదాక్షిణ్యాలూ లేకుండా, సూచీ వెలువడగానే డీఏ మారిపోతుంది. మా ఇంట్లోనే ఒక ఉపాధ్యాయురాలు ఉంది. నా బేసిక్ కంటే తన బేసిక్ ఎక్కువని ఆమె దెప్పినప్పుడల్లా డీఏ బకాయిల సంగతి ఎత్తి నేను గెలుస్తూ ఉంటాను.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులతో పోల్చడం బ్యాంకు యూనియన్ల పాత అలవాటు. అదే 2024 మే నెలలో కొత్త బ్యాంకు క్లర్కుకు బేసిక్, స్పెషల్ అలవెన్స్, వాటి మీద డీఏ కలిపి 35,282 రూపాయలు. అప్పటికి 50 శాతం డీఏతో కేంద్రంలో లోయర్ డివిజన్ క్లర్కుకు 29,850, అప్పర్ డివిజన్ క్లర్కుకు 38,250. మా క్లర్కు మధ్యలో ఉన్నాడు; క్యాష్ కౌంటర్ మీద తేడా వస్తే జేబులోంచి కట్టవలసిన ఉద్యోగానికి ఇది ఎక్కువేమీ కాదు, తక్కువని ఏడవవలసిన పనీ లేదు. అధికారుల పరిస్థితి అంత బాగా లేదు. 48,480 బేసిక్‌తో చేరే ప్రొబేషనరీ అధికారికి (పీవోకు) అదే లెక్కన 71,121 రూపాయలు వస్తే, కేంద్రంలో 56,100తో చేరే గ్రూప్-ఏ అధికారికి 84,150 వస్తోంది. మారుమూల శాఖకు బదిలీ, రాత్రి పొద్దుపోయేదాకా పని, రికవరీ కోసం ఊళ్ళు తిరగడం ఉన్న ఉద్యోగానికి ఈ తేడా ఎక్కువే. పీవోలు రెండేళ్ళకే మరో పరీక్ష రాసి వెళ్ళిపోతుంటే మేనేజర్లు ఎందుకు ఆశ్చర్యపోతారో నాకు అర్థం కాదు.

ఆలస్యం గురించి ఎంత చెప్పినా తక్కువే. 10వ ఒప్పందం గడువు మొదలైన ముప్ఫై నెలలకు, 11వది మూడేళ్ళకు కుదిరితే, 12వది 16 నెలలకు కుదిరింది. ఇది మెరుగుదలే. అయినా ఆ 16 నెలల బకాయికి వడ్డీ లేదు, మధ్యంతర భృతి ఇచ్చే నిబంధనా లేదు. పైగా ఎరియర్స్ ఒక్కసారిగా పడటంతో ఆదాయపు పన్ను పై శ్లాబులోకి ఎక్కినవారు చాలామంది. దీనికి అప్పటి ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 89 కింద ఉపశమనం ఉండేది, కానీ రిటర్ను వేసేముందే ఫారం 10ఈ ఆన్‌లైన్‌లో నింపవలసి ఉండేది. అది నింపకుండా రిటర్నులో మాత్రం ఉపశమనం చూపించి, ఆ తరువాత నోటీసు అందుకుని మొత్తం కట్టినవారు నాకు తెలుసు. పరిశ్రమ అంతటికీ ఒకేసారి వచ్చే ఎరియర్స్‌కు ఈ ఫారం ఎలా నింపాలో యూనియన్లు ఒక పేజీ కరపత్రం వేసి పంచినా లెవీలో కొంతైనా సార్థకమయ్యేది.

వారానికి అయిదు రోజుల పని ఒప్పందంలో చాలామందిని ఊరించిన వాగ్దానం. 10వ ఒప్పందంతో 2015 సెప్టెంబరు నుంచి రెండో, నాలుగో శనివారాలు సెలవయ్యాయి. మిగతా శనివారాలు కూడా సెలవు చెయ్యడానికి, బదులుగా రోజూ మరో 40 నిమిషాలు ఎక్కువ పనిచెయ్యడానికి ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి. కానీ ప్రభుత్వ ఆమోదానికి లోబడి అన్న షరతు దాని మెడకు తగిలించారు. రిజర్వు బ్యాంకులో, 2021 మే నుంచి ఎల్‌ఐసీలో అయిదు రోజుల వారమే నడుస్తుండగా, మాకు మాత్రం ఆ ఆమోదం రాక, 2025 మార్చి 24, 25 తేదీల్లో సమ్మెకు పిలుపునిచ్చి, మార్చి 21న ప్రధాన కార్మిక కమిషనర్ దగ్గర జరిగిన చర్చల తరువాత వాయిదా వేశారు. బేరంలో మూడో పక్షమైన ప్రభుత్వం బల్ల దగ్గర కూర్చోకుండానే ఒప్పందంలోని అంశాన్ని నిలిపి ఉంచగలదని ఇది చూపించింది. పనితీరు ప్రోత్సాహకం విషయంలోనూ అంతే. బ్యాంకు నిర్వహణ లాభం పెరుగుదలను బట్టి అందరికీ ఒకే రీతిన అయిదు, పది, పదిహేను రోజుల జీతం ఇచ్చే పద్ధతిని 11వ ఒప్పందం తెస్తే, 2024 నవంబరులో కేంద్ర ఆర్థిక సేవల విభాగం స్కేల్-4 (చీఫ్ మేనేజర్ స్థాయి), ఆపై అధికారులకు వేరే పద్ధతిని ప్రకటించింది. యూనియన్లు దీన్ని వ్యతిరేకించాయి. వారికి ఎక్కువ డబ్బు వస్తే మనకేం నష్టమని కొందరంటారు. ఉమ్మడి ఒప్పందంలోని ఒక భాగాన్ని ఒక పక్షం మార్చగలిగితే రేపు ఇంకో భాగాన్ని కూడా మార్చగలదన్నదే నష్టం.

సెలవుల విభాగం చిన్నదైనా మర్యాదగా ఉంది. మహిళా ఉద్యోగులు నెలకు ఒక రోజు సిక్ లీవును వైద్య ధ్రువపత్రం లేకుండా తీసుకోవచ్చు, ఇది కొత్త. పదవీ విరమణ నాటికి నగదుగా మార్చుకోగల ప్రివిలేజ్ లీవు పరిమితి 240 నుంచి 255 రోజులకు పెరిగింది. పూర్వం మూడు లక్షల రూపాయల దగ్గర ఆగిపోయిన ఈ మొత్తం మీది పన్ను మినహాయింపు 2023లో 25 లక్షలకు పెరిగి ఉండటంతో దీని విలువ పెరిగింది. ఏటా అయిదు రోజుల సెలవును, 55 ఏళ్ళు దాటినవారు ఏడు రోజులను, నగదుగా మార్చుకునే వీలు 11వ ఒప్పందం నుంచే ఉంది. మా శాఖలో పండగ ఖర్చులు చాలామందికి దీనిమీదే గడుస్తాయి.

వైద్య బీమా పాత ఒప్పందాల నుంచి వస్తున్న పుణ్యమే. 10వ ఒప్పందంలో 2015లో మొదలైన గ్రూపు పాలసీ క్లర్కులకు 3 లక్షలు, అధికారులకు 4 లక్షల వరకు, ఆధారపడిన తల్లిదండ్రులను కూడా కలుపుకుని, ఖర్చులు భరిస్తుంది. ఉద్యోగంలో ఉన్నంతకాలం ప్రీమియం బ్యాంకుదే. దీనికి నేను మంచి మార్కులే వేస్తాను. ఆసుపత్రిలో చేరేటప్పుడు డబ్బు కోసం చేతులు చాచవలసిన అవసరం లేకుండా ఎన్నో కుటుంబాలను అది కాపాడింది. రిటైరైన మరునాటి నుంచి మాత్రం కథ మారిపోతుంది. ప్రీమియం పెన్షనరే కట్టుకోవాలి, అదీ ఏటేటా పెరుగుతూ పోతుంది. పాతికేళ్ళ క్రితం రిటైరై నాటి బేసిక్ మీద లెక్కించిన చిన్న పెన్షన్‌తో బతుకుతున్నవారికి అది నిజంగా భారం. ఆ పెన్షన్లను కొత్త స్కేళ్ళకు అనుగుణంగా సవరించాలన్న కోరిక ఈసారీ తీరలేదు. బదులుగా 2022 అక్టోబరు 31 నాటికి రిటైరైనవారికి నెలవారీ ఎక్స్‌గ్రేషియా ఇచ్చి సరిపెట్టారు. రిజర్వు బ్యాంకు తన పెన్షనర్లకు 2019లో పెన్షన్ సవరించిందని ఎరిగినవారికి ఈ ఎక్స్‌గ్రేషియా తృప్తినివ్వదు.

ఒప్పందం పరిధిలో లేనివారి సంగతి ఎవరూ మాట్లాడరు. గ్రామీణ బ్యాంకుల సిబ్బందికి ఇందులో సంతకం లేదు; 2001 నాటి సుప్రీంకోర్టు తీర్పు పుణ్యమా అని స్పాన్సర్ బ్యాంకులతో (వాటి వెనక ఉన్న వాణిజ్య బ్యాంకులతో) సమాన వేతనం వస్తుందిగాని, అది ప్రభుత్వ ఉత్తర్వు ద్వారా, వెనక వరుసలో వస్తుంది. ఈ మధ్య విలీనాలతో ఒక్కటైన ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులోనూ, తెలంగాణ గ్రామీణ బ్యాంకులోనూ ఉన్న మిత్రులు మా కంటే కొన్ని నెలలు ఆలస్యంగా ఎరియర్స్ అందుకోవడం మామూలైపోయింది. వారికైనా ఆ మాత్రం దారి ఉంది. ఏటీఎం కాపలావారు, ఊరూరా తిరిగి వేలిముద్రలతో పెన్షన్లు ఇచ్చే బ్యాంకు మిత్రలు, ఏజెన్సీ ద్వారా వచ్చి మా శాఖనే తుడిచే స్వీపరు, వీరికి ఆ దారీ లేదు. ఒకప్పుడు ఆ స్వీపరు పనినే వారంలో పనిగంటలను బట్టి స్కేలు వేతనంలో మూడో వంతు, సగం, ముప్పాతిక చొప్పున లెక్కించి ఇచ్చే పార్ట్‌టైమ్ ఉద్యోగిగా ఒప్పందం గుర్తించింది. ఆ నిబంధన నేటికీ కాగితం మీద ఉంది. ఆ ఉద్యోగాల్లో కొత్తగా నియమించేవారే లేరు. యూనియన్లు తమ సభ్యుల శాతాల కోసం పోరాడినంత గట్టిగా ఈ ఖాళీల కోసం పోరాడలేదనే చెప్పాలి.

అయినప్పటికీ ఈ ఒప్పందానికి నేను అయిదులో మూడున్నర ఇస్తాను. 1953 శాస్త్రి అవార్డు, 1962 దేశాయి అవార్డుల (వేతన వివాదాలపై ట్రిబ్యునళ్ళ తీర్పుల) రోజుల్లో ట్రిబ్యునళ్ళ గుమ్మాల దగ్గర ఏళ్ళ తరబడి నిలబడ్డ పరిశ్రమ, 1966 అక్టోబరు 19 నాటి మొదటి ద్వైపాక్షిక ఒప్పందం నుంచి బల్లకు అటూ ఇటూ కూర్చుని అన్నీ తేల్చుకుంటోంది. వేర్వేరు జెండాల తొమ్మిది సంఘాలు ఒకే మాట మీద నిలబడి సంతకాలు చేయడం మన దేశంలో మరే రంగంలోనూ తేలిక కాదు. మరో పదేళ్ళకు పైగా సర్వీసు ఉన్నవారికి, ముఖ్యంగా పట్టణాల్లో అద్దె ఇళ్ళలో ఉంటూ ఈఎంఐలు కట్టేవారికి, ఇది మంచి ఒప్పందం. ఈ అయిదేళ్ళలోపు రిటైరయ్యేవారికి మధ్యరకం. ఎప్పుడో రిటైరైనవారికి అంతంతమాత్రం.

గడువు 2027 అక్టోబరు 31తో ముగుస్తుంది. 13వ ఒప్పందం కోసం కోర్కెల పత్రం తయారుచేసేటప్పుడు మన సంఘాల వారు స్పెషల్ అలవెన్స్‌ను 26.5 నుంచి ఏ 35 శాతానికో పెంచి శాతాలు చూపించే బదులు, ఇప్పుడున్న 26.5లో ఏడాదికి కొంత చొప్పున బేసిక్‌లో కలిపే క్లాజు ఒక్కటి తెస్తే, మొత్తం పెంపు 12 శాతమే అయినా నాకు అభ్యంతరం లేదు. దానితోపాటు, సంతకాలు చేసే రోజున పత్రికలకు ఇచ్చే ప్రకటనలో కొత్త స్కేళ్ళ పట్టిక పక్కనే ఇంకో పట్టిక వెయ్యాలి: చివరి మెట్టులో ఉన్న క్లర్కు, చివరి మెట్టులో ఉన్న అటెండరు, స్కేల్-1 అధికారి, ఈ ముగ్గురి జీతం ఎంత పెరిగింది, పెన్షన్ ఎంత పెరిగింది అన్నది విడివిడిగా, పూర్తి అంకెల్లో.